ఈశాన్యం మూల సిగ్నల్

ఆ రోజుల్లో, అంటే న్యూజెర్సీలో కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో, మొగుడికి ఏ దురలవాటూ లేకపోవడాన్ని మించిన అదృష్టం లేదని నేను గట్టిగా నమ్మేదాన్ని. మా ఆయనకి సిగరెట్టు లేదు, మందు లేదు, పేకాట లేదు. "బంగారంలాంటి అల్లుడు" అని మా అమ్మ మురిసిపోయేది. ఆ బంగారం ఒకనాడు ఏదో వీడియో చూసి మెటల్ డిటెక్టర్ ఆర్డర్ చేసుకుంది. పొడుగాటి కర్ర, దాని చివర పళ్ళెంలాంటిది. నేల మీద అటూ ఇటూ ఊపితే, లోపల పాత నాణేలుంటే కుయ్‌మంటుందట. నాణేల సంగతి దేవుడెరుగు, ఇంతకంటే ఆయన సిగరెట్లు కాల్చినా బావుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో! కనీసం తన ఊపిరితిత్తులే పాడుచేసుకునేవారు, ఊళ్ళోవాళ్ళ పెరళ్ళు కాదు.

మేముండేది అపార్ట్‌మెంట్‌లో. తవ్వుకోవడానికి మాకు జానెడు నేల లేదు. అందుకని సొంతిల్లున్న తెలుగువాళ్ళందరూ ఆయనకి ఉన్నట్టుండి ఆప్తులైపోయారు. ఎవరింట్లో వ్రతమున్నా, పిల్లల పుట్టినరోజున్నా, "అంకుల్, మీ యార్డ్ ఒకసారి చూస్కోవచ్చా? మీరు పర్మిషన్ ఇయ్యకుంటే ముట్ట" అనేవారు (ఆయనది కరీంనగర్, మాది కాకినాడ). మొహమాటానికి ఎవరూ కాదనరు కదా! లోపల మేమంతా ప్రసాదం తింటుంటే, వెనక పెరట్లో ఆయన చెవులకి హెడ్‌ఫోన్స్, మోకాళ్ళకి మట్టి. "అమెరికా స్వాతంత్ర్య యుద్ధంల సైన్యం ఇట్లనే పోయింది. జేబులకెళ్ళి ఎన్ని కాయిన్స్ పడ్డయో!" అనేవారు. "ఆ సైన్యం వీళ్ళ పిల్లల ఉయ్యాల కిందనుంచే నడిచిందా?" అంటే, "నీకు హిస్టరీ తెల్వదు, ఊకో" అని కసిరేవారు. గడ్డిని చదరంగా కోసి, తవ్వి, మళ్ళీ అతికినట్టు పెట్టేవారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంతా చేసి దొరికేవి సోడా టిన్నుల మూతలూ, తుప్పు మేకులూ. వాటిని అపురూపంగా కడిగి నా దోసెల పెనం పక్కన ఆరబెట్టేవారు.

ఇంతలో నాకు ఏడో నెల వచ్చింది. అమ్మకి వీసా రాలేదు. సీమంతం లేకపోతే ఏం మునిగిపోయిందని అందరితోనూ అనేదాన్నిగానీ, పుట్టింటి చేత్తో ఒడి నింపేవాళ్ళు లేరని బాత్రూంలో కుళాయి విప్పుకుని మరీ ఏడ్చేదాన్ని. అది ఎలా పసిగట్టిందో, గుడిలో పరిచయమైన డాక్టర్ ఆంటీ ఫోన్ చేసి, "మీ అమ్మ రాకపోతే నేను లేనా? మా ఇంట్లో చేద్దాం. నువ్వేం మాట్లాడకు" అంది. ఎప్పుడో వచ్చి స్థిరపడి, డాక్టరుగా రిటైరైన పెద్దావిడ. మనసు వెన్నేగానీ, కోపమొస్తే మాత్రం జన్మలో మళ్ళీ మొహం చూడదని పేరు. అందుకే ముందురోజు మా ఆయనకి దణ్ణం పెట్టి చెప్పాను. "ఏవండీ, మీకు పుణ్యముంటుంది, రేపు ఒక్కరోజు ఆ కర్రని ఇంట్లో వదిలెయ్యండి. ఇక్కడ నాకు ఆవిడ తప్ప ఎవరూ లేరు." "అట్లనే" అన్నారు బుద్ధిమంతుడిలా. (గాజుల పళ్ళేల కింద, కారు డిక్కీలో, దుప్పటి కప్పుకుని ఆ కర్ర కూడా సీమంతానికి బయల్దేరిందని నాకేం తెలుసు?)

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గంధం రాసి, గాజులు తొడుగుతున్నారు. ఇంతలో పెరట్లోంచి కేక: "దొరికింది! కొలోనియల్ కాయిన్!" పేరంటాళ్ళంతా నన్నొదిలేసి వెనక తలుపు దగ్గరికి పరిగెత్తారు. నేనూ గాజుల చేతులతో వెళ్ళి చూద్దునుగదా, మా ఆయన పట్టు పంచె ఎగ్గట్టి, ఒక చేతిలో చిన్న రాగి చెంబు, ఇంకో చేతిలో వెండి నాణెం పట్టుకుని నిలబడ్డారు. "రాజు బొమ్మ క్లియర్‌గ ఉంది అంకుల్! పక్కా బ్రిటిష్!" అంకుల్, అంటే ఆంటీ వాళ్ళాయన, కళ్ళజోడు సవరించుకుని నాణెం రెండో వైపు చదివారు. "వన్ రూపీ, ఇండియా అని ఉందేమిటయ్యా?" మా ఆయన తల గోక్కున్నారు. "అంటే... ఆ సైన్యంల మనోళ్ళు గిట ఉండెనా అంకుల్?"

"ఎక్కడ తవ్వావు?" అంది ఆంటీ. "గా మూలకు ఆంటీ, గులాబీ చెట్టెనక. మస్తు సిగ్నల్ వచ్చింది!" "అది ఈశాన్యం!" అని ఆవిడ పెట్టిన కేకకి నా కడుపులో బిడ్డ కూడా ఉలిక్కిపడింది. ఇల్లు కట్టేటప్పుడు పంతులుగారు మంత్రాలు చదివి, వాస్తు కోసం భూమిలో పెట్టించిన చెంబు అది. అమెరికాలో దాన్ని పూడ్చిపెట్టేదీ మనవాళ్ళే, మెషీన్ పెట్టి తవ్విపోసేదీ మనవాళ్ళే! "అంకుల్ పర్మిషన్ ఇచ్చిండు ఆంటీ" అని మా ఆయన నసిగితే, "అక్కడ చెంబుందని నాకేం గుర్తు?" అని అంకుల్ చల్లగా జారుకున్నారు. భూమి నన్ను అమాంతం మింగేస్తే బావుణ్ణనుకున్నాను (అదీ లాభం లేదు, అక్కడికీ ఈయన తవ్వుకుంటూ వచ్చేస్తారు).

ఆంటీ నాణేలతో సహా చెంబు లాక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎవరో నన్ను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టారు. అయిపోయింది, ఇంక ఒడీ లేదు, ఆంటీ లేదు అని నేను ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్నాను. లోపల కుళాయి చప్పుడు ఆగింది. ఆవిడ కడిగిన నాణేలు కొంగులో వేసుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇవి మా అత్తగారివే. ఆవిడ సీమంతానికి వాళ్ళమ్మ ఒళ్ళో పోసిన రూపాయలు. ఆవిడ పోయాక ఇల్లంతా వెతికానే! చెంబు పెట్టే రోజు నేను డ్యూటీలో ఉన్నా. అందులో ఏం వేశారత్తయ్యా అంటే, 'నువ్వు డాక్టరువి, నమ్మవులే' అంది, మహాతల్లి."

అని, బియ్యం, పళ్ళు, రవికెల గుడ్డ నా ఒళ్ళో నింపి, పైన ఒక వెండి రూపాయి పెట్టింది. "చెంబు మళ్ళీ పంతులుగార్ని పిలిచి పెట్టిస్తాలే. ఇది మాత్రం నీది. ఏడవకు, పిచ్చి మొహమా." తర్వాత మా ఆయనవైపు తిరిగి, "నువ్వింక నా పెరట్లో కాలు పెట్టావంటే చూడు!" అంది.

ఆయన నా పక్కన వచ్చి వంగారు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. పాపం, సారీ చెప్తారనుకున్నాను. చెవిలో మెల్లిగా, "ఆ కాయిన్ మీద ఏ ఇయర్ ఉందో జర చూడవా?" అన్నారు. ఏం మనిషండీ బాబూ!

సాయంత్రం అమ్మ వీడియో కాల్‌లో మొట్టమొదట అడిగింది ఒకటే. "ఒడి ఎవరు నింపారే?" జరిగిందంతా చెప్పి, "డాక్టర్ ఆంటీ, వాళ్ళ అత్తగారు, ఆవిడ వాళ్ళమ్మ" అన్నాను. అమ్మ ఆ రూపాయి చూపించమని, ఫోను తెరకే దణ్ణం పెట్టుకుంది.

ఇన్నేళ్ళ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. తన ఒడి ఖాళీగా ఉండిపోతుందని అంత బెంగపడింది. చివరికి ఒడి బరువుకి లేవలేక, ఆయన మట్టిచెయ్యే పట్టుకుని లేచింది.