బేరం ఆపిన పాట

ఈ ఉదయం మేడ్చల్‌లో మా గిన్నెల దుకాణం తెరిచి, కొత్త స్టీలు బిందెల మీది కాగితం విప్పుతూ ఫోన్ నొక్కగానే ఆ గొంతు మొదలైంది. బరువుగా, కాస్త బొంగురుగా, పేర్చిన బేసిన్లలో మోగుతూ. సుగుణక్క పాట. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె చేసిన ఆల్బమ్ వచ్చే వారం విడుదల. "గిరాకి ఉన్నప్పుడే పెట్టు" అని నిన్ననే పంపింది.

ఒకప్పుడు ఆమెది మా పక్కనే గాజుల కొట్టు. పాటలు తానే రాసి, బాణీ కట్టి, ఊరూరా పాడేది. కొత్త పాటను మాత్రం ముందు మా దుకాణానికే తెచ్చేది. నేను బేరంలో మునిగి ఉండగా పక్కన నిలబడి ఒక చరణం అందుకునేది. బేరం ఆగితే ఆ చరణం పాటలో ఉంటుంది, ఆగకపోతే కొట్టేస్తుంది. ఆగితే గిరాకులే ఆగాలి; నేను ఒక్కసారీ ఆగలేదు. "నీ నోరు పాడుగాను, మంచి చరణం మింగినవ్ గదనే!" అని తిట్టేది. "పెండ్లి బరాత్ ఎదురొచ్చినా ఆగనక్కా. నాయిన నేర్పిన విద్య" అనేదాన్ని, అదేదో బిరుదైనట్టు.

గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆమె స్వరం బాగా కిందికి దిగింది. పాడటం మానేసింది, కొట్టూ మూసేసింది. షామీర్‌పేటలో ఆమె ఇంటికి వెళ్లి నాకు తెలిసిన ఒకే పద్ధతిలో బతిమాలాను. "పాత పాటలే జర దించి పాడరాదక్కా. ఎవరేమంటరు?" ఆమె చాయ్ గ్లాసు చేతికిస్తూ నవ్వింది. "ఎవరూ అడగకముందే తగ్గిస్తవేందే? గిదేమన్న సొట్టపడ్డ గిన్నెనా? కొత్త గొంతు. దీనికి సరిపోయే పాటలు రాసుకుంట. జల్దీ జేయకు." ఆ మాట దారంతా నాతోనే వచ్చింది. ఊరంతా నన్ను గట్టి బేరగత్తె అనుకుంటుంది గానీ, గిరాకి మొహం చిట్లిస్తే చాలు, ఎక్కడ మెట్లు దిగిపోతుందోనని లోపల వణుకు. అడగకముందే ధర దించేస్తాను.

ఈ ఉదయం మూడో పాట నడుస్తుండగా దుండిగల్ నుంచి వచ్చినావిడ ఒక బిందె పట్టుకుని ఆఖరి ధర చెప్పమంది. నోరు తెరిచాను. అప్పుడే అక్క గొంతు కిందికి, ఇంకా కిందికి దిగి, అక్కడే పాదం మోపి నిలబడింది. చెప్పాల్సిన మాట మరిచిపోయాను. ఆవిడ కాసేపు నన్నే చూసి, "గంత మొండిదానివేందమ్మా! సరే, చెప్పిన ధరకే ఇయ్యి" అంది.

ఆవిడ వెళ్లగానే ఫోన్ చేశాను.

"అక్కా, మూడో పాటకు బేరం ఆగింది."

"ఎవరు ఆగిన్రు? గిరాకా?"

"నేనే."

"అయితే దాన్నే మొదటి పాట జేస్త" అంది.

ఆ తర్వాత సాయంత్రం దాకా, ఎవరు మొహం చిట్లించినా ధర దించే ముందు ఆ చరణం లోపలే ఒకసారి పాడుకున్నాను. ఒకరిద్దరు మెట్లు దిగి వెళ్లిపోయారు. వెళ్లనీ.