బావ పంపిన దారులు

ఇద్దరు కూతుళ్లలో రెండోది కావడంతో ఆమె ఇంటిల్లిపాదికీ చిన్నదే. అక్క మొగుడు నడిపే ఇంటర్నెట్ కంపెనీలో, మెట్ల కింది ఇరుకు గదిలో, రెండు ఫోన్ల మధ్య ఐదేళ్లు కూర్చుంది. నెట్ రావట్లేదని తిట్టేవాళ్లకి "బాక్సు ఆపి మళ్లీ వెయ్యండి" అని చెప్పడమే తప్ప, ఏనాడూ మెషీన్ల గది గడప తొక్కి ఎరగదు.

ఒక మధ్యాహ్నం ఊళ్లో సగం నెట్ కుప్పకూలింది. బావ రెండు పెద్ద కంపెనీల దగ్గర లైన్లు తీసుకుని నడుపుతున్నాడు. మొదటి కంపెనీ తనకి చెప్పిన దారులన్నీ, అంటే ఏ అడ్రసుకి ఎటు పోవాలో అంతా, రెండో కంపెనీకి చాటేశాడు, ఎక్కడికి పోవాలన్నా నా మీదుగా రండి అన్నట్టు. లోకం నమ్మింది. లారీలన్నీ ఒక్క సందులో దూరినట్టయింది. ఎవరూ కదల్లేదు.

సాయంత్రానికి రెండు కంపెనీల మనుషులూ వచ్చి కూర్చున్నారు. బావ ఆమెను పిలిచాడు.

"మా మరదలండీ. నేను భోజనానికి వెళ్లినప్పుడు లోపలికొచ్చి ఏదో నొక్కింది."

"నేనా? నేనెప్పుడొచ్చాను బావా?"

"ఇంక చాల్లే. ఇంటి పరువు తీయకు."

రిపోర్టులో తప్పు ఆమెదని రాశారు. అందరూ సంతకాలు పెట్టారు. ఉద్యోగం పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అక్క కూడా ఎదురు తిరిగింది. "చేసింది ఒప్పుకోకుండా నా మొగుణ్ణి అబద్ధాలకోరు అంటావా?" అని మాటలు మానేసింది. ఇంకెక్కడ పని అడిగినా, "ఆ రోజు నొక్కింది మీరేనా?" అని నవ్వేవారు.

ఆమె ఏడవలేదు. పళ్లు నూరుకుంది. అసలు తను ఏం నొక్కిందని శిక్ష వేశారో అదైనా తెలుసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

పాత మెషీన్లు బాగుచేసే ముసలాయన ఒకడుండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ స్క్రూలు గలగలలాడేవి కనుక అందరూ స్క్రూల తాత అనేవారు. పొద్దున్నంతా ఆయన కొట్లో కస్టమర్లతో మాట్లాడేలా, మధ్యాహ్నం నుంచి వెనక బల్ల, నాలుగు పాత రౌటర్లు తనవయ్యేలా ఒప్పందం కుదుర్చుకుంది.

"ఇది నేర్చుకుని ఏం చేస్తావమ్మా?"

"ఒకణ్ణి నిలబెట్టి కడగాలి తాతా."

"పంతానికి చదువు రాదమ్మా."

"రాకపోతే జుట్టు పట్టి ఈడ్చుకొస్తా."

నాలుగింటికీ చీటీలు అతికించింది: బావ, మొదటి కంపెనీ, రెండో కంపెనీ, లోకం. అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టి దారులు చెప్పుకోవడానికే పదకొండు రోజులు పట్టింది. తీరా చూస్తే ఒక అంకె తప్పు కొట్టింది. తర్వాత కావాలనే బావ చేసిన పనే చేసింది. 'బావ' నుంచి బయటికి పోయే దారుల్లో తనవి కానివాటిని ఆపాల్సిన వడపోత తీసేసింది. కళ్లముందే 'లోకం' దారి మార్చుకుని 'బావ' గుండా పోయింది.

"తాతా! ఎవరూ ఏమీ నొక్కలేదు. మెషీన్లో రాయాల్సిన ఒక్క వడపోత రాయలేదు. అంతే!" అని అరిచింది. ఆ పూట అన్నం సయించలేదు, కోపంతో.

అవతలివాడు పొరపాటు చేసినా ఇవతలివాడు ఎలా ఆపాలో నేర్చుకోవడం మొదలుపెట్టింది. పొరుగువాడికి నిజంగా ఉన్న అడ్రసుల జాబితా రాసుకోవాలి. అందులో ఉన్నవే వినాలి, మిగతావి తోసెయ్యాలి. లెక్కకు మించి వచ్చిపడితే లైను దానంతటదే తెగిపోవాలి. మళ్లీ కలపాలంటే మనిషి చెయ్యి పడాలి. ఒకసారి జాబితా తలకిందులుగా రాసి మంచి దారుల్ని కూడా ఆపేసింది. "దొంగని ఆపమంటే ఇంటాయన్నే బయటికి నెట్టావు" అని తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. రోజూ బావ పేరుతో దొంగ దారులు పంపేది, ఆపేది. ఆగిన ప్రతిదీ అతని మొహం మీద తలుపేసినంత తృప్తినిచ్చేది.

రెండేళ్లకి రెండో కంపెనీలోనే ఉద్యోగం పడింది. పేరు విని నవ్వినవాళ్లే పరీక్షకని ఒక చెడిపోయిన మెషీను ఇచ్చారు. తొమ్మిది నిమిషాల్లో తప్పు పట్టుకుంది. ఎక్కడ నేర్చుకున్నావని పెద్ద ఇంజనీరు అడిగితే "ఒకరి మీద కోపంతో" అంది. ఆయన హాస్యం అనుకున్నాడు.

లైను తీసుకున్న వాళ్లందరికీ వడపోతలు రాయడం ఆమె పని. అందరికీ రాసింది. బావ లైనుది మాత్రం మూడుసార్లు సరిచూసుకుంది.

ఏడు నెలల తర్వాత ఒక ఉదయం బావ కొత్త రౌటర్ పెట్టాడు. మళ్లీ ఆ వడపోత రాయడం మరిచాడు. వేలకొద్దీ దారులు వచ్చిపడ్డాయి. ఆమె వడపోత ఒక్కదాన్నీ లోపలికి రానివ్వలేదు, లైను తెంపేసింది. లోకానికి ఏమీ కాలేదు. బావ కస్టమర్లంతా మాత్రం మొదటి కంపెనీ నుంచి మిగిలిన సన్న లైనులో ఇరుక్కున్నారు. ఫోను మోగింది.

"మేడమ్, లైను తెగింది. త్వరగా కలపండి."

"ఏం జరిగిందండీ?"

"మా స్టాఫులో ఎవరో ఏదో నొక్కారు."

"ఎవరు? మరదలా?"

"చిన్నా... నువ్వా?"

"నేనే బావా. కారణం రాసి, సంతకం పెట్టి పంపితేనే కలుపుతాం. ఇవాళ్టిది రాయండి. దాని కింద మూడేళ్ల కిందటిది కూడా రాయండి."

"అది మీ రూల్లో ఉందా?"

"లేదు. అది నా రూలు."

అరిచాడు, బతిమాలాడు, బంధుత్వం గుర్తుచేశాడు. పది నిమిషాల్లో తప్పు దిద్దుకుని ఇవాళ్టి కారణం మాత్రం రాసి పంపాడు. కంపెనీ రూలు ప్రకారం అప్పుడే కలపాలి. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని నలభై నిమిషాలు కూర్చుంది. మెట్ల కింది గదిలో ఇప్పుడు ఇంకో అమ్మాయి ఆ తిట్లు తింటూ ఉంటుందని తెలుసు. మనసు చివుక్కుమంది. అయినా చెయ్యి కదపలేదు.

చివరికి రెండో కాగితం వచ్చింది. "ఆనాటి తప్పు నాది. నా మరదలు మెషీను ముట్టుకోలేదు." రెండుసార్లు చదివి లైను కలిపింది. అప్పటి రిపోర్టు మీద సంతకం పెట్టిన ప్రతివాడికీ నకలు పంపింది. అక్కకి ఒకటి పంపింది.

ఆ నలభై నిమిషాల సంగతి బయటపడి, పెద్ద ఇంజనీరు ఆమెను నెల రోజులు మెషీన్లకు దూరం పెట్టాడు. "కావాలనే చేశాను సార్" అని ఒప్పుకుంది. క్షమాపణ అడగలేదు.

ఆదివారం ఆమె తన పాత బల్ల దగ్గర ఉండగా అక్క స్క్రూల తాత కొట్టుకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"కడుపు చల్లబడిందా?"

"చల్లబడిందక్కా. బాగా."

"మూడేళ్లు నేను నీతో మాట్లాడకుండా చేశాడే ఆ మనిషి. నిజం తెలిసి కూడా, నేను నిన్ను తిడుతుంటే పక్కన కూర్చుని విన్నాడు." అక్క లోపలికొచ్చి బల్ల ముందు నిలబడింది. "ఆ కంపెనీ సగం నా పేరు మీద ఉంది. ఆయన ఏం చేస్తున్నాడో ఇకనుంచి నాకు తెలియాలి. మొదట్నుంచి చెప్పు."

చిన్నది ఇంకో స్టూలు లాగింది.