కప్పు ఊపని అతిథి

మొన్న ఈ అరబ్బు దేశంలోని ముహర్రక్ ఊళ్ళో ఒక కాఫీ కొట్టు ముందు కూర్చున్న తెల్లమ్మాయి, తాగేసిన చిన్న కప్పును ఊపకుండా అలాగే పట్టుకుంది. కొట్టతను మళ్ళీ పోశాడు. ఆ పిల్ల బిక్కమొహం చూసి నవ్వొచ్చింది. రాజోలు నుంచి వచ్చి ఆ పక్కనే గలాలీలో నేను చాలాకాలం పనిచేసిన ఇంటి మామా గుర్తొచ్చింది. ఇంటి పెద్దావిడను ఇక్కడ మా పనివాళ్ళం అలాగే పిలుస్తాం.

అప్పట్లో ఐరోపా నుంచి ఒకావిడ ఆ ఇంటికి వచ్చింది. అరబ్బు ఇళ్ళలో ఆడవాళ్ళ వైపు ఎలా ఉంటుందో చూసి పుస్తకం రాస్తుందట. మగవాళ్ళు అడుగుపెట్టని ఆ గదిలో ఉండేవి దిళ్ళు, సాంబ్రాణి పొగ, యాలకుల వాసన, ఎవరి కాన్పు కష్టమైందో ఎవరి కోడలు అలిగిందో అన్న కబుర్లు. అందులో రాయడానికేముందో నాకర్థం కాలేదు. మామాకి మాత్రం కాలు నిలవలేదు. తన ఇంటి మర్యాద పుస్తకంలోకెక్కుతుందని నాచేత ఇత్తడి కాఫీ కూజా తోమించిందే తోమించింది. ఇక్కడి పద్ధతిలో, కప్పు అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఆ వచ్చినావిడ ఊపలేదు, నేను ఆపలేదు. చివరికి జాలేసి వంటింట్లో కోడలమ్మతో అన్నాను.

"పాపం, ఇంక తాగలేకపోతందమ్మా. ఒక్క ముక్క చెప్పరాదా?"

"అత్త ఊరుకోదు. చాలనడం అతిథికి నేర్పితే లేచి పొమ్మన్నట్టేనట" అంది.

లోపల మామా, అతిథి తన కాఫీ వదల్లేకపోతోందని మురిసిపోతోంది.

కొన్నాళ్ళకి పుస్తకం వచ్చింది. మామా చుట్టాలందరినీ పిలిచి కూర్చోబెట్టింది. బడిలో ఇంగ్లీషు చెప్పే కోడలమ్మ ముందుగా వంటింట్లో తెరిచి చూసి మొహం మాడ్చుకుంది.

"ఏటి రాసిందమ్మా?"

"పొద్దస్తమానం దిళ్ళ మీద పడుంటామట. వద్దన్నా వినకుండా కాఫీ తాగిస్తామట."

నాకు ఒళ్ళు మండింది. పోసిన చెయ్యి నాదే కదా! అవతల మామా పిలుస్తోంది. ఇంతమంది ముందు ఆవిడ పరువు ఏమవుతుందోనని భయమేసింది.

కోడలమ్మ వెళ్ళి కూర్చుని, గొంతు సవరించుకుని, పేజీలో లేనిదంతా అరబ్బీలో చదివేసింది. ఇలాంటి కాఫీ ఎక్కడా తాగలేదట, ఈ ఇంటి మర్యాద తమ దేశంలో రాజులకీ తెలియదట. మామా కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదవమంది. అప్పటినుంచి ఎవరొచ్చినా చదవాల్సిందే. చదివిన ప్రతిసారీ మెచ్చుకోళ్ళు పెరిగేవి. ఒకసారి కాఫీ పోసిన పనిమనిషికీ ఓ మెప్పు దక్కింది. అబద్ధమని తెలిసీ సంతోషపడ్డాను.

మామా పోయి చాలాకాలమైంది. ఇప్పుడు జింజ్ పేటలో ఉంటున్న కోడలమ్మ మనవరాళ్ళు తమ ముత్తవ్వను ఐరోపా పుస్తకం ఎంత పొగిడిందో నాకే వర్ణించి చెబుతుంటారు. అచ్చయిన ఆ నాలుగు ముక్కలు ఎక్కడ మూలపడ్డాయో గానీ, ఇన్నేళ్ళూ బతికింది కోడలమ్మ నోటికొచ్చినట్టు చదివిందే.