అయిదో వరస

ఆసుపత్రిలో అందరూ ఆమెను టైపక్క అంటారు. ఇరవై ఏళ్లు రిపోర్టులు టైపు చేసి, నలభై ఏడో ఏట పట్టుబట్టి వెబ్ పేజీలను నడిపించే స్క్రిప్టు రాయడం నేర్చుకుంది. తాళం వేసి మూడుసార్లు లాగి చూసే మనిషి. అలాంటివాళ్లు కంగారు పడడానికి కంప్యూటర్‌ని మించిన వస్తువు లేదు.

ఆపరేషన్ థియేటర్ల బయట ఎదురుచూసే బంధువుల కోసం ఆమె ఒక పేజీ తయారుచేసింది. గోడమీది బోర్డులో ఎనిమిది వరసలు, వరసకో రోగి. లోపల నర్సు నొక్కిన నంబరు వేరియబుల్ అనే ఖాళీ గడిలో పడాలి, వరసను ఎంచే సెలెక్టర్ దాన్ని చూసుకుని సరిగ్గా ఆ వరసనే పట్టుకోవాలి, అక్కడ ‘ఆపరేషన్ పూర్తయింది’ అని పచ్చగా రావాలి. ఇవాళే మొదటి రోజు.

పదకొండింటికి నర్సు రెండు నొక్కింది. అయిదో వరస పచ్చబడింది.

టైపక్కకు వెంటనే తెలిసిపోయింది. నిన్న పేజీని పరీక్షించేటప్పుడు సెలెక్టర్‌లో వేరియబుల్ తీసేసి నేరుగా అయిదు అని రాసుకుంది, మళ్లీ మార్చడం మరిచిపోయింది. ఇక ఎవరు ఏది నొక్కినా స్క్రిప్టు పోయి పోయి అయిదునే పట్టుకుంటుంది. అయిదో నంబరు పిల్లను లోపలికి తీసుకెళ్లి పావుగంటైనా కాలేదు.

పరుగున వెళ్లి సరిచేసింది. నిమిషం పని; అయిదు ఆరిపోయి రెండు పచ్చబడింది. కానీ ఆ పిల్ల తల్లి అప్పటికే ఫోనులో ఇంటివాళ్లందరికీ చెప్పేసి కళ్లు తుడుచుకుంటోంది. ఏమీ ఎరగనట్టు ఊరుకుంటే పోలా అని టైపక్కకు ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసి, వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.

"అక్కా, తప్పు నాది. బోర్డులో వచ్చింది నిజం కాదు. మీ అమ్మాయి ఇంకా లోపలే ఉంది."

ఆవిడ తిట్టలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుని టైపక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అయితే నువ్వెక్కడికీ పోకు చెల్లీ. ఈసారి వచ్చినప్పుడు నిజమో కాదో నువ్వే చెప్పాలి."

రెండు గంటలు అలాగే కూర్చున్నారు. మూడు, ఏడు సరిగ్గానే పచ్చబడ్డాయి, వాళ్లవాళ్లు లేచి వెళ్లారు. చివరికి అయిదు పచ్చబడింది. తల్లి బోర్డు వైపు చూడలేదు, టైపక్క ముఖంలోకి చూసింది.

టైపక్క లేచి వెళ్లి థియేటర్ తలుపు తట్టింది.

"బోర్డులో పెట్టాను కదా అక్కా," అంది నర్సు విసుగ్గా.

"పెట్టావు. ఒక్కసారి బయటికొచ్చి ఆవిడకు నీ నోటితో చెప్పు తల్లీ."