జుల్మా కాయో విసిరిన తాడు

"నువ్వూ తాగే తోలుతావా?"

ఎత్తైన కొండల్లోని ఉయుని ఊరి బజారులో జీపు మీదికి మూటలెత్తుతున్న జుల్మా కాయోను దున్యా అనే అమ్మాయి అడిగిన మొదటి మాట ఇది. పలకరింపు లేదు, పేరడగడం లేదు. దున్యా సాంతా క్రూస్‌లో లా చదువుతోంది. చలికాలం సెలవుల్లో ఎడారీ, ఎత్తు మీది సరస్సులూ చూద్దామని ఇద్దరు స్నేహితురాళ్లతో వచ్చింది. వేడి ప్రాంతపు పిల్ల. అప్పటికే మూడు స్వెట్టర్లు తొడిగి వణుకుతోంది.

జుల్మాకు కోపం రాలేదు. అడగాల్సిన ప్రశ్నే. అక్కడి డ్రైవర్లు బయలుదేరే ముందు భూమాత పచమామకని నేల మీద నాలుగు చుక్కల సారా చిలకరించి, మిగతా సీసా తమ గొంతులో పోసుకుంటారు. దాన్ని భక్తి అంటారు.

"తాగితే దారి రెండుగా కనిపిస్తుందమ్మా. నాకు ఒకటి చాలు. ఎక్కు," అంది జుల్మా.

ఆమె యాత్రికుల్ని తిప్పే ఇలాంటి జీపుల్లోనే చాలాకాలం వంటమనిషిగా తిరిగింది. పక్కన డ్రైవరు కునుకు తీసినప్పుడల్లా స్టీరింగు పట్టుకుని డ్రైవింగు నేర్చుకుంది. ఇప్పుడు అద్దె జీపు తోలుతోంది. ఆమెకు కావలసింది డ్రైవర్ల సంఘంలో సభ్యత్వం. అది ఉంటే వంతు ప్రకారం ప్రయాణికులు దొరుకుతారు. లేకపోతే సభ్యులు వద్దన్నవాళ్లను సగం కిరాయికి మోయాలి. సంఘంలో చేరాలంటే రుసుము కట్టడంతోపాటు, ఇరుక్కుపోయిన సభ్యుణ్ని ఒకసారైనా లాగి ఉండాలి. లాగించుకున్నవాడు సోమవారం సభలో లేచి, లాగినవాళ్ల పేరు తన నోటితో చెప్పాలి. జుల్మా అప్పటికే ఇద్దర్ని లాగింది. ఇద్దరూ సభలో లేచి, ఎవరిదో లారీ వచ్చి లాగిందన్నారు.

మూడోరోజు ఎర్రసరస్సు ఒడ్డుకు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. అక్కడొక చిత్తడి నేల ఉంది. తెల్లవారుజామున రాయిలా గడ్డకట్టి ఉంటుంది. తొందరగా లేచినవాళ్లు దాని మీదుగా అడ్డంగా పోతారు, బోలెడు దూరం కలిసొస్తుంది. ఆ రోజు సంఘం కార్యదర్శి ఇలారియోన్ ఆలస్యంగా లేచాడు, కానీ తొందరగా లేచినవాళ్ల దారే పట్టాడు.

జుల్మా జీపును చిత్తడి చుట్టూ తిప్పుతోంది.

"ముందు జీపు అడ్డంగా పోయింది కదా! మీ కొండోళ్లకు టైమంటే లెక్కలేదా?" దున్యా విసుక్కుంది.

"మీ సాంతా క్రూస్‌లో బురద వెచ్చగా ఉంటుందేమో. ఇక్కడిది ముందు మింగుద్ది, రాత్రికి గడ్డకడుద్ది. నోరు మూసుకుని కొండలు చూడు తల్లీ."

మలుపు తిరిగితే కనిపించింది. ఇలారియోన్ జీపు తలుపులదాకా దిగబడి ఉంది. అతని ప్రయాణికులు నలుగురూ బానెట్ మీద గొంతుక్కూర్చున్నారు.

జుల్మా గట్టు మీదే ఆపి దిగింది. "దోన్ ఇలారియోన్," అని మర్యాదగానే పిలిచింది. "తాడు వేయనా?"

"అక్కర్లేదు. వెనక మా సంఘం ఫ్రోయిలాన్ వస్తున్నాడు."

"గేరుబాక్సు పోయి నిన్ననే తిరిగిపోయాడు."

"అయితే ఇంకోడొస్తాడు."

"వస్తాడు. రేపు."

జీపు పైకప్పు మీంచి అతని వంటమనిషి తొమాసా అరిచింది: "ఈయన మీసం తడవకుండా ఉండటానికి మేమంతా మునగాలా? వెయ్యవే జుల్మా!"

"లాగుతాను," అంది జుల్మా. "సోమవారం నా పేరు చెప్తావా?"

"డబ్బిస్తాను."

"నేనడిగింది డబ్బు కాదు."

"లారీ అంటే నీకేం పోతుందే?"

"ఇప్పటికి రెండుసార్లు లారీనయ్యాను. మూడోసారి కాను."

దున్యా ముందుకొచ్చింది. "మేమంతా సాక్షులం అక్కా! కాగితం మీద రాసి సంతకాలు పెడతాం."

"నీ కాగితం సంఘంలో ఎవడూ చదవడమ్మా. ఆయన నోరు తెరవాలి."

బురద బుడబుడమంది. జీపు ఒక పక్కకు ఒరిగింది. తొమాసా అతణ్నీ, అతని తండ్రినీ కలిపి తిట్టింది. నీళ్లు సీట్లోకి వచ్చాయి.

"సరే, చెప్తాను. లాగు!"

"ఎవరు లాగారని?"

"జుల్మా కాయో! చాలా?"

జుల్మా నేల పట్టు దొరకడానికి తన టైర్లలో గాలి కొంత తీసింది, తాడు విసిరింది, అతని చక్రాల కింద పలకలు వేయించింది. కుదుపు లేకుండా, బండి మూలుగుతున్నా తొందరపడకుండా లాగింది. వెనకనుంచి నెడుతూ దున్యా బోర్లా పడింది. జీపు పైకొచ్చింది గానీ ఆ పిల్ల బూటొకటి లోపలే ఉండిపోయింది.

ఆదివారం ఉయుని చేరాక దున్యా బస్సు ఎక్కలేదు. "ఇది వినకుండా పోతే చదివిన చదువు దండగ," అంది. మర్నాడు సభకు వెళ్లి గుమ్మంలో నిలబడింది. బయటివాళ్లు రాకూడదన్నారు. "రాలేదుగా, గుమ్మంలోనే ఉన్నా," అంది.

ఇలారియోన్ లేచాడు, టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "ఎర్రసరస్సు దగ్గర నా జీపు దిగబడింది. లాగింది..." గొంతు సవరించుకున్నాడు. "జుల్మా కాయో."

హాలంతా గొల్లుమంది. "తాడు జీపుకేసిందా, నీ మెడకా?" అని ఎవరో వెనకనుంచి అరిచారు.

"నవ్వండి, నవ్వండి. మీరైతే అక్కడే మొలిచేవాళ్లు," అన్నాడు ఇలారియోన్. ఆ ఊపులో, ఆమెను చేర్చుకోవడానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది కూడా అతనే. మిగతా చేతులు ఒక్కొక్కటే లేచాయి. జుల్మా ఎవరికీ దండం పెట్టలేదు. గోడకున్న వంతుల పలక మీద తన వంతు ఎక్కడ రాశారో చూసుకుని, మరుసటి బేరానికి డీజిలు పోయించుకోవడానికి వెళ్లిపోయింది.

సభ్యత్వ రుసుము పన్నెండు వేల బొలివియానోలు. అందులో నాలుగు వేలు ఆమె ఇంకా సంఘానికి బాకీ.