శుక్రవారపు సంఘం

భివండీలోని కనేరి పేటలో సాయమ్మ గురించి ఎవరినడిగినా ముందు నవ్వుతారు, తర్వాత చెప్తారు. ఆదివారం మందిరానికి పోవాల్సిన క్రైస్తవులను శుక్రవారం కూర్చోబెట్టిన మనిషి ఆమె. "జుమ్మా కిరస్తానీలు" అని బజారంతా ఎగతాళి చేసేది. చేస్తే చేసింది. ఆ ఎగతాళి నోళ్లే ఇంట్లో పిల్లకు జ్వరమొస్తే "సాయమ్మను పిలువుండ్రి, ప్రార్థన చేస్తది" అనేవి. లోకం తీరే అంత, దాని మీద అలిగి ఎవరేం బాగుపడ్డారు?

శుక్రవారమే ఎందుకో భివండీలో బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలి. అక్కడ వారమంతా పగలూ రాత్రీ సాంచెలు ఆడుతూనే ఉంటాయి. సాంచె అంటే కరెంటు మగ్గం. కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. శుక్రవారం ఒక్కరోజు కరెంటు తీసేస్తారు. సాంచెలకు సెలవు కాబట్టి మనుషులకూ సెలవు. ఆదివారం భక్తి ముదిరి పని మానుకున్నారా, ఆ సాంచెల మీద బద్లీ మనిషి వచ్చి నిలబడతాడు. ఇక అవి మళ్లీ చేతికొచ్చేది దేవుడెరుగు.

సాయమ్మ గైబీ నగర్‌లో కండెలు చుట్టే పనికి పోయేది. భర్త జ్ఞానయ్య ఉన్నన్నాళ్లూ ఆదివారం పొద్దున ఇద్దరూ గదిలోనే మోకరించి, ఆ వెంటనే పనికి పరుగెత్తేవాళ్లు. అతను పోయాక ఆమెకు ఒంటరి ప్రార్థన గొంతు దిగలేదు. ఊళ్ల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు తలో గల్లీలో పడి ఉన్నాయి. పెళ్లికో చావుకో తప్ప ఒకరి మొహం ఒకరు చూసుకునేది లేదు. ఒక శుక్రవారం ఆమె అందరి తలుపులూ తట్టి, "ఇయ్యాల సాంచెలు బందే గద, రాండ్రి, కూసొని నాలుగు పాటలు పాడుకుందాం" అంది. వచ్చారు. ఆమె గది చాలలేదు. అప్పుడు భూమయ్య సేటు దగ్గరికి పోయింది.

భూమయ్య హిందువు, పద్మశాలి. తనూ ఒకప్పుడు సాంచె మీద నిలబడి పైకొచ్చినవాడే. ఆయన కార్ఖానా గోడకు మార్కండేయుని పటం, ఆ పటానికి రోజూ బంతిపూల దండ.

"అన్నా, శుక్రవారం నీ కార్ఖానల జర జాగ ఇస్తవా? ప్రార్థన చేసుకుంటం" అని సాయమ్మ అడిగింది.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "చెప్పులు బయట ఇడువాలె చెల్లె. అంతే. దేవుని మాట ఇంటె నా సాంచెలన్న మంచిగ ఆడుతయేమో" అని తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

అట్లా మొదలైంది. సాంచెకూ సాంచెకూ నడుమ ఒక్క మనిషి ఒదిగి నడిచేంత సందు. ఆ సందుల్లోనే చాపలు పరుచుకుని సందుకొక కుటుంబం కూర్చునేది. ముందున్నవాళ్లకు వెనకవాళ్లు కనపడరు. ఎవరో ఒక మూల పాట ఎత్తుకుంటే మిగతా సందులన్నీ అందుకునేవి. ప్రార్థన ముగిసి లేచేసరికి పసిపిల్లల దగ్గర్నుంచి అందరి నెత్తినా తెల్లటి దూది నుసి.

సాయమ్మకు ఒక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లకు వాక్యం చెప్పదు, పని చెప్తుంది. ఒకరికి నీళ్ల బిందె, ఒకరికి చాపలు, ఒకరికి పిల్లలను చూసుకునే పని. "ఊకె కూసున్నోడు చుట్టం లెక్క పోతడు. పని చేసినోడు ఇంటోడైతడు" అనేది. ఈ ఒక్క మాటతో ఆమె కట్టిన సంఘాన్ని పెద్ద పెద్ద మైకులు పెట్టినవాళ్లు కూడా కట్టలేకపోయారని నేనంటే కొందరికి కోపమొస్తుంది. రానీ.

కొమురయ్యకు ఆమె చీపురిచ్చింది. కొమురయ్య సాంచె కార్మికుడు. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడి సగం చెవుడొచ్చింది, అందుకే మామూలు మాట కూడా అరిచినట్టే చెప్తాడు. వారమంతా ఒళ్లు వంచి పనిచేసేవాడు గానీ, శుక్రవారం సాంచె ఆగిందంటే కాళ్లు సారా దుకాణం దారి పట్టేవి. సాయంత్రానికి ఏ మోరీ పక్కనో దొరికేవాడు. పెళ్లాం విసిగిపోయి పిల్లలతో ఊరికెళ్లిపోయింది. అట్లా దుకాణానికి పోతున్నవాణ్ని ఒక శుక్రవారం సాయమ్మ ఆపి, "కొమురయ్యా, జర ఈ సందులు ఊడ్చిపో. నా నడుము వంగుతలేదు" అంది.

ఆమె నడుముకేం రోగం లేదు, రాయిలా ఉంది. అతను ఊడ్చాడు. ఈలోగా పాటలు మొదలయ్యాయి, లేవబుద్ధి కాలేదు. మరుసటి వారం పిలవకుండానే వచ్చాడు. నడుమ నడుమ మళ్లీ తాగుడులోకి జారాడు కూడా. అప్పుడు ఆమె ఒక్క మాట అనలేదు, చీపురు మాత్రం చేతికిచ్చింది. అట్లా అట్లా తాగుడు మానేశాడు, పెళ్లాం పిల్లలు తిరిగొచ్చారు. శుక్రవారం ఒక్కటి దాటిస్తే చాలు, మిగతా వారమంతా సాంచెలే తనను కాపలా కాస్తాయని అతనికీ తెలుసు, సాయమ్మకూ తెలుసు.

ఇంతలో సాయమ్మ కొడుకు జోయెల్ హైదరాబాదులో పాస్టరు చదువు ముగించుకుని భార్య జాస్మిన్‌తో వచ్చాడు. తల్లి సంతోషం ఇంతా అంతా కాదు, కండెలు చుట్టి చదివించిన కొడుకు మరి. మంచి పిల్లవాడే, భక్తి గలవాడే. వచ్చిన కొన్నాళ్లకు తల్లి పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"అమ్మా, లోకమంతట ప్రభువు లేచిన దినం ఆదివారం. మనం కరెంటు పోయిన దినం చేస్తున్నం. ప్రభువుకు మిగిలిపోయిన దినం ఇచ్చినట్టు కాదా? నిజాంపురాల ఒక హాలు చూసిన. ఆదివారం బరాబర్ సంఘం పెడదాం."

మిగిలిపోయిన దినం. ఆ మాట సాయమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఇన్నేళ్లూ తను చేసింది తప్పా? జనాన్నంతా తప్పుదారిన నడిపించానా? ఆమెకు అన్నం సయించలేదు. చివరికి కొడుకు మాటే సరైనదనుకుంది. సంఘానికి చెప్పింది, తాళంచెవి భూమయ్యకు తిరిగిచ్చేసింది. "నీ ఇష్టం చెల్లె" అన్నాడాయన, కొంచెం చిన్నబుచ్చుకుని.

ఆదివారం హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, గోడకు సిలువ, అన్నీ బాగున్నాయి. దుకాణాలవాళ్లు, ఊళ్లో ఉద్యోగాలవాళ్లు వచ్చారు. సాంచెలవాళ్లు రాలేదు. ఎట్లా వస్తారు? జోయెల్ ప్రసంగం చక్కగా చెప్పాడు. సాయమ్మ మాత్రం ఖాళీ కుర్చీల వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాత వచ్చిన శుక్రవారం ఆమెకు పొద్దుపోలేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. పొద్దు వాలుతుండగా జాస్మిన్ కూరగాయల సంచితో లోపలికి వచ్చింది.

"అత్తమ్మా, కొమురయ్య మామ సేటు కార్ఖాన ముంగట కూసున్నడు. నేను పోయేటప్పుడు ఉన్నడు, వచ్చేటప్పుడూ ఉన్నడు. పిలిస్తె పలుకుత లేడు."

సాయమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా పోయింది. కార్ఖానా షట్టరు మూసి ఉంది. షట్టరు ముందు మెట్టూ, మెట్టు ముందు గల్లీ మోరీ దాకా శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. కొమురయ్య చీపురు ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. పెదవులు ఎండిపోయాయి.

"ఏంది కొమురయ్యా, ప్రార్థన ఆదివారానికి మారిందని నీకు తెల్వదా?" అంది చెవి దగ్గర వంగి.

"తెల్సక్కా. తెల్సే వచ్చిన." ఎప్పుడూ అరిచే మనిషి ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే ఆమే చెవి ఒగ్గాల్సి వచ్చింది. "ఈడికెల్లి లేస్తె నా కాళ్లు గాడికే పోతయి. అందుకే లేస్తలేను."

"పొద్దటి సంది ఈడనే ఉన్నవా?"

"నీళ్లకు గూడ లేవలేదు."

సాయమ్మకు ఏడుపు ఆగలేదు. మెట్టు మీద అతని పక్కనే కూలబడి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్లూ తను దేవునికి ఒక దినం ఇస్తున్నాననుకుంది. దేవుడే ఈ మనిషికి ఒక దినం ఇచ్చాడు, తను పోయి దానికి తాళం వేసి వచ్చింది. అంతకు ముందు రోజుల్లో ఆమెను కొరుకుతున్న భయం అక్కడే, ఆ మెట్టు మీదే విడిచిపోయింది. తర్వాతెప్పుడూ తప్పు చేశానేమో అన్న మాట ఆమె నోట రాలేదు. పక్కింటి నుంచి చెంబుడు నీళ్లు తెచ్చి అతనికి తాగించి, మూసిన షట్టరు ముందే ఇద్దరూ ప్రార్థన చేసుకున్నారు. పోతూ పోతూ భూమయ్య ఇంటికి పోయి చెయ్యి చాపింది. ఆయన తాళంచెవి గూట్లోంచి తీసిచ్చాడు.

ఇంటికొచ్చి కొడుకుతో అంది: "బిడ్డా, ఆదివారం నువ్వు చెయ్యి. పోయి రాగలిగినోళ్లు వస్తరు. నాకు పనికి నాగైనా సరే, నేనూ వస్త. శుక్రవారం మాత్రం నేను కొమురయ్య కాడ కూసుంట."

"సంఘం రెండు ముక్కలైతది అమ్మా."

"రాలేనోళ్లను ఇడిసిపెట్టినప్పుడే అయింది బిడ్డా." అంతకుమించి ఆమె వాదించలేదు. పొద్దటి సంది ఆ మెట్టు మీద ఏం జరిగిందో చెప్పి, లేచి పొయ్యి ముట్టించింది.

మళ్లీ శుక్రవారం షట్టరు లేచింది. కబురు ఎట్లా పోయిందో గానీ సందు సందుకూ మనుషులు వచ్చారు. కొమురయ్య ఒక పక్క నుంచి నుసి ఊడ్చుకుంటూ వస్తున్నాడు. పాట ఎత్తుకోబోతున్న సాయమ్మకు గుమ్మంలో జోయెల్ కనిపించాడు. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు. చెప్పులు బయట విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు. మొదటిసారి వచ్చినవాళ్లందరూ అట్లాగే నిలబడేవాళ్లు.

సాయమ్మ నోరు తెరిచేలోపే కొమురయ్య నడుము నిటారు చేసి చూశాడు. సాంచెలన్నీ ఆడుతున్నట్టే గొంతెత్తాడు.

"రాండ్రి పాస్టరయ్యా. ఈ సందులు నేను ఊడ్చిన. ఆ కడపటి సందు మీది."

జోయెల్ బైబిలు తల్లి ఒళ్లో పెట్టి, చీపురు అందుకున్నాడు.