మొదటి రౌండు వినడానికే

ఆళ్లగడ్డలో బస్సు దిగి శిల్పుల వీధిలోకి తిరిగితే ఇప్పుడు మర రంపాల రొద తప్ప మరొకటి వినిపించదు. నిన్న ఆ రొద నడుమ, ఒక షెడ్డులో ఎవరో నల్లరాతి మీద చెంబుతో నీళ్లు పోశారు. తడిసిన రాతి వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. వీధి పలచబడింది, రొద దూరంగా జరిగింది. ఉడికిన వడ్ల ఆవిరిలోంచి, భుజాల మీద రాతిపొడితో, ఓబులేసన్న నడచి వచ్చాడు.

ఓబులేసన్న ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. యవ్వనంలో కొన్నేళ్లు సైన్యంలో ఉండి, అక్కడ బాక్సింగు నేర్చుకున్నాడు. ప్రతి ఆదివారం నంద్యాల వచ్చి మా ఐదారుగురికి నేర్పేవాడు. నేను పనిచేసే వరిమిల్లు వెనుక ఊక పరిచి, గోనెపట్టాలు కప్పి, నాలుగు గుంజలకు మోకు బిగిస్తే అదే మా రింగు. నేను చర్చి నుంచి తెల్లచొక్కాతోనే తిన్నగా అక్కడికి వెళ్లేవాణ్ణి. అందరిలోకీ నిదానమైనవాణ్ణి నేనే. కర్నూలు నుంచి వచ్చే ఒక చురుకైన కుర్రవాడి చేతిలో అప్పటికే రెండుసార్లు ఓడిపోయాను. మూడోసారి కూడా ఓడితే జిల్లా జట్టుకు ఇక నీ పేరు పిలవబోమని ఎంపిక చేసే పెద్దలు ముఖం మీదే చెప్పారు.

ఆ వారం ఓబులేసన్న నన్ను తన షెడ్డుకు పిలిపించాడు. ఒక రాతిని తడిపి, సుత్తితో మెల్లగా తడుతూ చెవి ఆనించాడు.

"ఏం కనపడతాంది?"

"సన్నని గీత, అన్నా."

"అది లోపలి పగులు. సుత్తి తగిలితే బొంగురుగా పలుకుతాది. తడి ఆరితే కనపడదు. ఆరేలోపల సూసుకోవాల. నువ్వేం జేస్తాండావు? రాయిని సూడకుండానే ఉలి దింపుతాండావు. వాడు పరిగెత్తితే వాని ఎనక పరిగెత్తుతాండావు."

"వాడు వేగమన్నా. అందడు."

"అందుకే తరమద్దు. నడిమధ్యన నిలబడు. వాడు నీ సుట్టూ తిరగాలంటే పది అడుగులు, నువ్వు వానికెదురు తిరగాలంటే రెండు. ఇంగ అలిసిపోయేదెవరప్పా?"

తరువాత ఆ కుర్రవాడు వేరొకరితో తలపడుతుంటే ఓబులేసన్న నన్ను తీసుకువెళ్లి కూర్చోబెట్టాడు. చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టాడు. "పిడికిళ్లు సూడద్దు, పాదాలు సూడు. నీ చెయ్యి నిదానం, నీ కన్ను నిదానం గాదు. రాసుకో." నేను రాశాను. గుద్దిన ప్రతిసారీ అతను తన ఎడమవైపుకే జారుకుంటున్నాడు. జారడానికి ముందు అతని కుడి మడమ నేల నుంచి లేస్తుంది. రెప్పపాటు కాలం, తడి రాతి మీద గీత లాగా.

మూడో పోటీ నాటికి ఓబులేసన్న చెప్పినది ఒక్కటే: "మొదటి రౌండు వానికిచ్చెయ్. అది కొట్టేదానికి గాదు, వినేదానికి." ఇచ్చేశాను. జనంలోంచి ఎవరో, "బర్రెను దింపినారు రా రింగులోకి" అన్నారు. అందరూ నవ్వారు. ఒళ్లు మండి, తరుముదామని ఒక అడుగు వేసి, ఆగాను. ఓబులేసన్న మూలన స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు.

రెండో రౌండులో ఆ మడమ లేవడం చూశాను. అతను జారబోయే చోట నా కుడిపాదం ముందే ఉంది. నా కుడిచెయ్యి అతని ఎడమ డొక్కను తాకింది. మళ్లీ లేచింది, మళ్లీ తాకింది. మూడో రౌండులో ఆ చురుకైన కాళ్లు నీళ్లలో నడుస్తున్నట్లు కదిలాయి. ఒక్క అడుగు కూడా తరమకుండానే అతణ్ణి మూలకు చేర్చాను. రెఫరీ నా చెయ్యి పైకెత్తాడు.

ఎంపిక పెద్దలలో ఒకరు జట్టులో నా పేరు రాసుకుంటూ, "అదృష్టం కలిసొచ్చిందిలే" అన్నారు. నేను పుస్తకం తీసి ఆయన బల్ల మీద పరచబోయాను. ఏ రౌండులో ఎన్నిసార్లు మడమ లేచిందో పుటలవారీగా చూపించాలనుకున్నాను. ఓబులేసన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

"యాడికప్పా?"

"అదృష్టమంటున్నారన్నా. ఇది అన్యాయం గదా."

"అన్యాయమే. అనుకోనీ. నీ పుస్తకం అందరికీ సూపిస్తే వచ్చేసారి ఆ పిల్లోడు మడమ లేపడు."

ఆ మాటకు నవ్వాను గానీ, ఆ 'అదృష్టం' మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. నిదానాన్ని చేతకానితనంగా లెక్కవేసే వాళ్లను ఉద్యోగంలోనూ, కార్యాలయాల్లోనూ, నా ఇంట్లోనూ చూస్తూనే వచ్చాను. ఎవరితో పేచీ వచ్చినా మొదటి రౌండు వాళ్లకే ఇచ్చేస్తాను. వాళ్లు మాట్లాడుతుంటే రాసుకుంటాను. అలా నిండిన పుస్తకాలు మా ఇంట్లో రెండు బీరువాల నిండా ఉన్నాయి. ఓబులేసన్న ఇచ్చినది అన్నిటికంటే పైన ఉంటుంది.

నిన్న ఆ షెడ్డు ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. శిల్పి తల ఎత్తి అడిగాడు. "ఏంది పెద్దాయనా, విగ్రహం గావాల్నా?"

"వద్దప్పా. ఆ రాయి ఆరేలోపల చూసుకో. ఎడమపక్క గీత ఉంది."

అతను వంగి చూశాడు. రంపం ఆపి, సుత్తి అందుకున్నాడు.